బావికి గడప లేదు

మొగుడు పోయాక మా ఇజ్జక్కకి రోజూ మాట్లాడే తోడంటూ మిగిలింది పొగమంచు ఒక్కటే. నవ్వకండి, నిజంగానే మాట్లాడుతుంది. తెల్లారి లేచి, ముఖమన్నా కడుక్కోకుండా గుమ్మంలోకొచ్చి కొండకేసి చూస్తుంది. చూసి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, అవతలి మనిషి చెవిటిదన్నట్టు అరుస్తుంది. "ఇవాళ మంచు మా గాడిద చెవుల దాకా దిగింది." ఇంకో రోజు, "ఇవాళ ఏం లేదు. సముద్రం మీదే పడుకుంది, రానంది." ఆ అరుపు అగాదీర్‌లో ఒక ఆఫీసులో కూర్చున్న పిల్లకి చేరుతుంది. మంచు ఎంత పట్టిందో రోజూ చెప్పడం ఇజ్జక్క ఉద్యోగం. "మీటర్లలో చెప్పత్తా, గాడిద చెవులంటే నాకేం తెలుస్తుంది?" అని ఆ పిల్ల మొదట్లో మొత్తుకుంది. "మీటరు నీ దగ్గరే ఉంచుకో తల్లీ, నా దగ్గరున్నది గాడిదే" అంది ఇజ్జక్క. చివరికి ఆ పిల్లే గాడిద చెవుల కొలత నేర్చుకుంది.

మాది అగుని అనే కొండ ఊరు. ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు. మగవాళ్ళు కాసాబ్లాంకాలో కిరాణా కొట్లలో కూర్చుని పప్పూ చక్కెరా తూస్తుంటారు. బక్రీదుకి వచ్చి, పొట్టేలు కోసి, మూడో నాటికి బస్సెక్కేస్తారు. వాన ముఖం చాటేసి ఏళ్ళయింది. పళ్ళమ్ముకునే నాగజెముడు తోటలే మాకు బంగారం అనుకునేవాళ్ళం, వాటికి తెల్లపురుగు పట్టి, మట్టలన్నీ కుళ్ళి నేల కూలాయి. మంచు మాత్రం పాపం మాట తప్పలేదు, సముద్రం మీంచి వస్తూనే ఉంది. ఆ అగాదీర్ ఆఫీసు నుంచి చదువుకున్న వాళ్ళెవరో వచ్చి, కొండ నెత్తిన వలలు కట్టి, మంచుని నీళ్ళు చేసి మీ ఇళ్ళకి పంపుతాం అన్నారు. "గాలికి వలేసి నీళ్ళు పిండుతారట. ఇంక కోడిపుంజుకి పాలు పిండటమే తరువాయి" అని మా అత్త ఊరంతా నవ్వించింది. తీరా చూస్తే ఆ వలలు కారాయి. ఆ చుక్కలన్నీ పైపులోంచి ట్యాంకులోకి, ట్యాంకులోంచి ఇంటింటి కుళాయికీ వచ్చాయి. ఊళ్ళో పై కొసనున్న ఇల్లు ఇజ్జక్కది కాబట్టి ట్యాంకు ఆమె ఇంటి వెనకే కట్టారు. వాల్వు తిప్పే ఇనప పిడి కూడా ఆమెకే ఇచ్చారు. దాన్ని నడుం తాడుకి కట్టుకుని, సుల్తాను కత్తి కట్టుకున్నట్టు తిరిగేది మహాతల్లి.

అంతకు ముందు మాకు బావే గతి. లోయలో అడుగున ఉంటుంది, దిగడం ఒక ఎత్తు, నిండు క్యానుతో ఎక్కడం ఇంకో ఎత్తు. ఏటా నీళ్ళు కిందికి పోతుంటే తాడుకి తాడు ముడేసుకుంటూ బతికాం. ఇప్పుడు ఆ బావి గురించి తియ్యగా మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నా నడుం అక్కడే పోయింది. మా తోటికోడలికి కడుపు అక్కడే పోయింది. కుళాయి వచ్చిన రోజు దాని కింద తల పెట్టి నేను ఏడ్చాను, ఆ మాట కూడా చెప్పి తీరాలి.

కానీ బావి దగ్గర ఒక కట్టు ఉండేది. నిండిన క్యాను ఎవరికి వాళ్ళు వీపు మీదికి ఎత్తుకోలేరు కదా. ఒకరు మోకాళ్ళు వంచి వెనక్కి తిరగాలి, ఇంకొకరు ఎత్తి నడుం మీద ఆనించి, తాడు ఛాతీ మీదుగా తీసి ముడెయ్యాలి. ఎత్తే మనిషి "బిస్మిల్లా" అనాలి. ఎత్తించుకున్న మనిషి "అల్లా మీ అమ్మానాన్నల్ని కరుణించాలి" అనాలి. ఎదుటి మనిషి వీపు తిప్పి వంగిందంటే ఎత్తి తీరాల్సిందే. ముందు రోజు జుట్టూ జుట్టూ పట్టుకున్నా సరే, ఒకరి పెళ్ళిలో ఒకరు శాపనార్థాలు పెట్టుకున్నా సరే. నేనూ మా తోటికోడలూ ఒక గుడ్లకోడి గురించి మాటలు మానేశాం. అయిదో రోజు బావి దగ్గర ఇద్దరమే మిగిలాం. వంగింది. ఎత్తాను. పళ్ళు నూరుకుంటూనే మా అమ్మానాన్నల్ని కరుణించమంది. కొండ సగం ఎక్కేసరికి ఆ కోడి గురించే ఇద్దరం పడీ పడీ నవ్వుతున్నాం. మా ఊళ్ళో పోట్లాటలకి అదే పంచాయితీ. ఒకరింటికి ఒకరు వెళ్ళి రాజీ పడటం అనేది లేదు. ముందు ఎవరు గడప తొక్కితే తప్పు వాళ్ళదని ఒప్పుకున్నట్టే. బావికి గడప లేదు, అందుకని అక్కడ ఎవరి పరువూ పోదు.

కుళాయిలొచ్చాక ఆ దారిలో మనిషి నడవడం మానేశాడు. ఎవరింట్లో వాళ్ళం తిప్పుకుంటున్నాం, పట్టుకుంటున్నాం. ఆడవాళ్ళందరికీ ఫోనులో ఒక గ్రూపు ఉంది. మాలో చదువొచ్చిన వాళ్ళు లేరు కాబట్టి అందులో గొంతులే పెడతాం. "పొయ్యి మీద చారుంది, తర్వాత వింటాలే" అనుకుంటాం, వినం. ఇజ్జక్క ఒక్కతే అందరివీ వినేది, ఆఖరికి దగ్గులు కూడా. నాకు తెలుసు, ఎందుకంటే ఎవరేం పెట్టినా ముందు జవాబు ఆమెదే వచ్చేది.

ఇజ్జక్కా, కెల్తూమక్కా ఒకే ఊరి ఆడపిల్లలు. ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్ళయి వచ్చారు. కొత్త కోడళ్ళని అత్తలు ఏడిపించే రోజుల్లో ఇద్దరూ బావి దారిలోనే ఏడ్చి, అక్కడే ముఖం కడుక్కుని, నవ్వుకుంటూ ఇంటికి చేరేవాళ్ళట. ఇజ్జక్క క్యానుని ఎప్పుడూ కెల్తూమక్కే ఎత్తేది. ఇజ్జక్కకి పిల్లల్లేరు. కెల్తూమక్కకి ఒక కూతురు, ఇబ్తిసామ్, ఇప్పుడు అగాదీర్‌లో కాపురం. ఆ పిల్ల నడక నేర్చింది ఇజ్జక్క వాకిట్లోనే.

మరి అలాంటి వాళ్ళు ఎందుకు విడిపోయారంటే ఒక దిక్కుమాలిన వీడియో వల్ల. ఊళ్ళో ఒక పెళ్ళికి ముందు గోరింటాకు వేడుక జరిగింది. మగపురుగు లేని చోట మేం ఎలా ఉంటామో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇజ్జక్క తలకి తలపాగా చుట్టి, మసితో మీసం దిద్దుకుని, కాసాబ్లాంకా కొట్టుసావుకారు వేషం కట్టింది. బొజ్జకి దిండు కట్టుకుని, "పెళ్ళాం ఊళ్ళో ఉంది, ప్రాణం గల్లాపెట్టెలో ఉంది" అంటూ నడిచి చూపిస్తే మాకు కడుపులు చెక్కలయ్యాయి. కెల్తూమక్క కొత్త ఫోనులో అది పట్టింది, ముచ్చటపడి కూతురికి పంపింది. కూతురు ముచ్చటపడి లోకానికి పెట్టింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? వారం తిరక్కుండా కాసాబ్లాంకాలో ఇజ్జక్క తమ్ముడి కొట్టుకి గిరాకీలు వచ్చి, "ఇది మీ అక్కే కదూ?" అని ఫోను చూపించి నవ్వారట. తమ్ముడు ఫోన్ చేసి అనరాని మాటలన్నాడు. ఆ తర్వాత మళ్ళీ చెయ్యలేదు.

ఇజ్జక్క వీధిలో నిలబడి కెల్తూమక్కని కడిగేసింది. "నీ కడుపున పుట్టిందానికి నా పరువే దొరికిందా ఆడుకోవడానికి? నీ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టను!" కెల్తూమక్క ముందు బతిమాలింది. ఊరు చూస్తోంది కదా, ఆమెకీ పౌరుషం వచ్చింది. "ఓయబ్బో, ఏం పరువే తల్లీ! సిగ్గుపడటానికి నీకు మొగుడున్నాడా, పిల్లలున్నారా?" అనేసింది. అన్న మరుక్షణమే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను, చూశాను. కానీ ఇజ్జక్క అప్పటికే వెనక్కి తిరిగి మెట్లెక్కుతోంది.

ఆ తర్వాత వారానికి కుళాయిలు వచ్చాయి. ఇంకొక్క నెల ఆలస్యమైనా బావి దగ్గర ఎవరో ఒకరు వంగేవాళ్ళు, ఎవరో ఒకరు ఎత్తేవాళ్ళు, కథ అక్కడితో అయిపోయేది. అలా కాలేదు. మూడు శీతాకాలాలు గడిచాయి. ఊరు చిన్నదే, అయినా ఎదురుపడకుండా ఉండాలనుకుంటే ఎంత చిన్న ఊళ్ళోనైనా ఉండొచ్చు. ఇజ్జక్క పై కొసన, కెల్తూమక్క కింది కొసన. నేను మధ్యలో.

ఈ ఏడాది తన మేకలు కూడా పోయాక కెల్తూమక్క అగాదీర్ వెళ్ళిపోవడానికి ఒప్పుకుంది. ఆదివారం నాడు కూతురు కారులో వచ్చి తీసుకెళ్తుందన్నారు. ఆ కబురు ఇజ్జక్కకి నేనే మోసుకెళ్ళాను. ఆమె వాకిట్లో నూనె కోసం అర్గాన్ కాయలు రాయితో కొడుతోంది.

"కెల్తూమక్క వెళ్ళిపోతోంది" అన్నాను.

"వెళ్ళనీ. పట్నంలో లిఫ్టులుంటాయిట, కూర్చోబెట్టి పైకెత్తుతాయిట" అంది, తలెత్తకుండా.

"మళ్ళీ రాదు, ఇజ్జక్కా. ఇంటికి తాళం వేసి పోతోంది. ఒక్కసారి వెళ్ళి కనబడు."

"ఏమే మహ్జూబా, మాట అన్నది ఆమె. గడప తొక్కాల్సింది నేనా?"

"అయితే ఆమెనే రమ్మని చెప్పనా?"

"చెప్పావంటే నీ కాళ్ళు విరగ్గొడతా." కాసేపు రాయి ఆడించింది. మళ్ళీ తనే అంది, "బావికి పోయే రోజులే అయితేనా, నాకు నీ రాయబారాలు అక్కర్లేదు. ఎదురుగా వంగి నిలబడేదాన్ని. ఎలా ఎత్తదో చూసేదాన్ని." నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. వేలి మీద రాయి పడింది, నోట్లో పెట్టుకుంది. నొప్పికి వచ్చాయో దేనికి వచ్చాయో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఆమె మీద జాలీ కోపం రెండూ వచ్చాయి. కోపమే చూపించి వచ్చేశాను.

గురువారం పొద్దున కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. గ్రూపులో ఇజ్జక్క గొంతు పలికింది. "అమ్మలూ, కొండ మీద పైపు పగిలింది. బాగుచేసేవాళ్ళు సోమవారం గానీ రారట. ఎవరి క్యాన్లు వాళ్ళు దులుపుకోండి, బావికి పదండి." గొంతులో ఏదో హుషారు. పైపు పగిలితే దీనికేం పండగ అనుకున్నాను గానీ, పొయ్యి మీద పనిలో పడి మర్చిపోయాను.

బావికి ఎవరూ పోలేదు. అందరిళ్ళలోనూ పీపాల్లో కొంత నీళ్ళున్నాయి. శుక్రవారం నాటికి అవి అడుగంటితే ఇఫ్ని పట్నం నుంచి నీళ్ళ టాంకరు తెప్పిద్దామని గ్రూపులోనే తీర్మానించుకున్నారు. నేను అలా ఉంటే నా మేకలు ఊరుకుంటాయా? శనివారం పొద్దున్నే గాడిద మీద క్యాన్లు కట్టుకుని బయల్దేరాను. కెల్తూమక్క గుమ్మం ముందు నుంచే దారి. సామానంతా మూటలు కట్టేసి, గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"మహ్జూబా, బావికేనా?"

"మరి నాకేమన్నా సముద్రం దారి చూపిస్తావా అక్కా?"

ఆమె నవ్వలేదు. దగ్గరికి రమ్మంది. గుమ్మం దిగడానికే ఆమె మోకాళ్ళు ఒప్పుకోవు, అందుకని నేనే గాడిదని ఆపి వెళ్ళాను. చెవిలో చెప్పింది, "ఇజ్జా కూడా బావికెళ్తుందే. పొద్దున్న మసక వెలుగులో క్యాను కట్టుకుని దిగుతుంటే చూశాను. నిన్నా వెళ్ళింది, మొన్నా వెళ్ళింది. ఆమెకి ఎవరెత్తుతున్నారే? ఎవరూ పోవట్లేదు కదా. ఒక్కతే ఎలా ఎత్తుకుంటోందో ఏమో. నువ్వు వెళ్ళి ఎత్తు తల్లీ. నేను పంపానని చెప్పకు. చెబితే ఎత్తించుకోదు."

అలాగేలే అని దిగాను. లోయలో ఎంత నిశ్శబ్దమంటే నా గాడిద గిట్టల చప్పుడుకి నేనే రెండుసార్లు ఉలిక్కిపడ్డాను. ఒకప్పుడు ఈ దారిలో ఆడవాళ్ళ నోళ్ళకి కాకులు పారిపోయేవి. బావి గట్టు మీద ఇజ్జక్క కూర్చుని ఉంది. పక్కన నిండు క్యాను, దాని మెడకి తాడు సిద్ధంగా చుట్టి ఉంది. మూడు రాళ్ళ పొయ్యి మీద టీ కాగుతోంది. రెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. నన్ను చూడగానే ఆమె ముఖం వెలిగి, నేనని తెలిశాక ఆరిపోయింది. నాకు చెప్పొద్దూ, ఒళ్ళు మండింది.

"ఇదేం మర్యాద ఇజ్జక్కా? మనిషి వస్తే ముఖం అలా పెడతారా?"

"నువ్వా" అంది. "ఇంకెవరూ రావట్లేదా?"

"ఎందుకొస్తారు? టాంకరు వస్తోంది. ఇంతకీ పైపు ఎక్కడ పగిలింది? వలల దగ్గరా, మెలిక దగ్గరా? మా ఆయన మేనమామకి వెల్డింగ్ వచ్చు, సోమవారం దాకా ఎందుకు?"

ఇజ్జక్క నడుం తాడుకున్న ఇనప పిడిని వేళ్ళతో తిప్పుతోంది. నేను ఆ పిడిని చూశాను, రెండో గ్లాసుని చూశాను. నాకు బుర్ర కాస్త నెమ్మదిగా వెలుగుతుంది గానీ వెలుగుతుంది.

"ఓసి నీ దుంప తెగ! పైపు పగల్లేదు కదూ?"

"లేదు. నేనే వాల్వు కట్టేశాను."

"ఊరంతా పీపాలు నాక్కుంటుంటే నువ్విక్కడ టీ కాచుకుంటున్నావా? పసిపిల్లలున్న ఇళ్ళున్నాయి! ఆ అగాదీర్ ఆఫీసు పిల్లకి తెలిస్తే నిన్ను ఉద్యోగంలోంచి పీకేస్తుంది!"

"పీకనీ" అంది. నేను ఇంకా తిట్టబోతే చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారి వస్తే చాలే, మహ్జూబా. నేనేం అడగను, ఏం అనను. వంగుతాను. ఎత్తుతుంది. లేదంటే ఆమె వంగుతుంది, నేనెత్తుతాను. ఆ ముక్కలు రెండూ అనేసుకుంటాం. ఆ తర్వాత అగాదీర్ పోనీ, మక్కా పోనీ. మూడు రోజులుగా చూస్తున్నాను, రాలేదు. అంత కసి ఉందన్నమాట నా మీద."

నేను ఆమె పక్కన కూలబడ్డాను. "ఎలా వస్తుందనుకున్నావే పిచ్చిదానా? ఆమె మోకాళ్ళు చూశావా నువ్వు? గుమ్మం దిగాలంటే గోడ పట్టుకుంటోంది. రెండేళ్ళయింది."

"ఎవరు? కెల్తూమా?" నేను వేరే మనిషి గురించి చెబుతున్నట్టు చూసింది నన్ను. "కొండెక్కడంలో ఆమెని నేనెప్పుడూ అందుకోలేకపోయానే. ఎప్పుడూ నాకన్నా ముందుండేది."

మూడేళ్ళుగా ఆమెని దగ్గర నుంచి చూస్తే కదా తెలిసేది. ఇజ్జక్క మనసులో ఉన్న కెల్తూమక్క ఇంకా కొండలెక్కుతూనే ఉంది. నాకు ఆ క్షణంలో ఏడుపొచ్చింది. అప్పుడే పైన ఊళ్ళో హారన్ వినబడింది. ఆగి ఆగి కొడుతున్నారు, చాలాసేపు కొట్టారు.

"టాంకరు వచ్చేసింది" అంది ఇజ్జక్క. "ఇంక ఎవరూ రారు." కాగిన టీ పొయ్యిలోనే పోసింది, బుస్సుమంది. లేచి, క్యాను ముందు మోకాళ్ళు వంచి నాకు వీపు తిప్పింది. "ఎత్తు. మేం చేసుకున్నదానికి నువ్వేం చేస్తావు."

నేను క్యాను మీద చెయ్యి వేశాను. చెప్పనని ఒప్పుకుని వచ్చాను, ఆ మాట నాకు గుర్తుంది. కానీ ఆ వంగిన వీపు చూశాక నా వల్ల కాలేదు. "ఈ ఎత్తడం నాది కాదు, ఇజ్జక్కా. కెల్తూమక్కే పంపింది. ఇజ్జాకి ఎవరూ ఎత్తట్లేదు, వెళ్ళి ఎత్తవే అని గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని బతిమాలింది."

వంగిన మనిషి అలాగే ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగింది. "ఎప్పుడు?"

"ఇందాకే."

క్యాను అక్కడే, టీ కెటిలు అక్కడే, గ్లాసులు అక్కడే. కొండ మీదికి పరిగెత్తింది. అరవై దాటిన మనిషి, చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తింది. నేను గాడిదని లాక్కుంటూ వెనకాల. "నిదానం, అక్కా! రేపటి దాకా ఉంటుంది, ఆదివారం కదా వెళ్ళేది!" అని అరుస్తూనే ఉన్నాను. సగం దారిలో, రోడ్డు కనబడే మలుపు దగ్గర ఆమె ఆగిపోయింది. కింద రోడ్డు మీద తెల్ల కారొకటి దుమ్ము లేపుకుంటూ ఇఫ్ని వైపు పోతోంది. పైన మూటలు కట్టి ఉన్నాయి. ఎర్ర దుప్పటి మూటని నేను పొద్దున్నే కెల్తూమక్క గుమ్మంలో చూశాను. ఇజ్జక్క పిలవలేదు. పిలిచినా వినబడేంత దూరం కాదది.

ఊళ్ళోకి వచ్చాక మా అత్త చెప్పింది. గ్రూపులో ఇబ్తిసామ్ కూడా ఉంది కదా. పైపు పగిలింది, సోమవారం దాకా నీళ్ళు రావని ఇజ్జక్క అన్న మాట అగాదీర్‌లో ఆ కూతురూ వింది. నీళ్ళు లేని ఊళ్ళో అమ్మని ఇంకొక్క పూట ఉంచనని ఒక రోజు ముందే వచ్చేసిందట. కెల్తూమక్క కారుని ఇజ్జక్క ఇంటి కింది మెట్ల దాకా పోనిమ్మని పట్టుబట్టింది. మెట్లెక్కలేని మనిషి కాబట్టి కారులోనే కూర్చుని హారన్ కొట్టించింది. కొట్టించి కొట్టించి, "ఇంట్లో ఉండదులే. పాపం నీళ్ళకి పోయి ఉంటుంది" అని కళ్ళు తుడుచుకుందట. మేం టాంకరు అనుకున్నది అదే.

నేను ఫోను తీసి ఇజ్జక్క ముందు పెట్టాను. "ఇప్పుడే ఏం పోయింది? నొక్కి పట్టుకుని మాట్లాడు. దారిలోనే వింటుంది."

"ఎవరు వింటారు?" అంది. "ఫోను ఇబ్తిసామ్ చేతిలో ఉంటుంది. ముందు అది వింటుంది. తర్వాత ఎవరికి వినిపిస్తుందో నీకు తెలుసా, నాకు తెలుసా? ఇది కెల్తూమ్‌కి చెప్పాల్సిన మాటే. దేశానికి కాదు." ఫోను నా వైపు నెట్టేసింది. తన గోతిలో తనే పడ్డ మనిషిని ఇంకేం అంటాం? నోరు మూసుకున్నాను. నా జీవితంలో అది తరచూ జరిగే పని కాదు.

వెళ్ళి వాల్వు తిప్పింది. ఊరంతా కుళాయిలు దగ్గాయి, నీళ్ళొచ్చాయి. పైపు బాగుపడిందని అందరూ ఇజ్జక్కకి గ్రూపులో దీవెనలు పంపారు. ఆ రోజు ఆమె ఒక్కటీ వినలేదు. మధ్యాహ్నానికి మా అత్త వచ్చి, "కింది వీధిలో ఎక్కడో నీళ్ళు పోతున్న చప్పుడే" అంది. నీళ్ళు ఆగినప్పుడు కుళాయి తిప్పి చూసి, మళ్ళీ కట్టెయ్యడం ఎవరికి గుర్తుంటుంది? ఆ చప్పుడు కెల్తూమక్క ఇంట్లోంచి. తలుపుకి ఇంత లావు తాళం. గడప కింద నుంచి తడి వీధిలోకి పాకుతోంది. లోపల ఎవరో గిన్నెలు తోముతున్నట్టుంది.

మంచు పట్టని వారం అది, ట్యాంకులో సగం కూడా లేదు. "అయ్యో, మొత్తం పోతుంది! గోడ దూకడానికి ఎవరినైనా పిలుస్తా" అని నేను కొంగు దోపుకున్నాను. ఇజ్జక్క నన్ను దాటుకుని ముందుకి వెళ్ళింది. చుక్క కారితే పైపు మీద చెంప పెట్టి వినే మనిషి, ఆ పారే నీటిని పట్టించుకోనే లేదు. తడిసిన గడప మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడి, తలుపు కొట్టింది.

"కెల్తూమా" అంది. "తియ్యవే. నేనే వచ్చాను."

కాసేపాగి మళ్ళీ కొట్టింది. వీధిలో తలుపులు తీసి ఆడవాళ్ళు చూస్తున్నారు. ఎవరో ఫోను పైకెత్తబోతే నేను చూసిన చూపుకి దించేసింది. ఇజ్జక్క ఆ గడప మీదే చతికిలబడి, తలుపుకి తల ఆనించింది. బట్టలు తడిసిపోతున్నా కదల్లేదు.

నేను గోడ దూకేవాళ్ళ కోసం వెళ్ళబోతే నా కొంగు పట్టుకుని ఆపింది. "కాసేపు పోనియ్యవే" అంది. "ఇంట్లో మనిషున్నట్టుంది."